బిడ్డతో విదేశానికి వలస వెళ్లాలంటే, దూరంగా ఉన్న తండ్రి అనుమతి ఎలా తీసుకోవాలి: గుంటూరు, విజయవాడ తల్లుల కోసం సమగ్ర మార్గదర్శి

"సంతకం పెట్టేస్తే వాడు ఇక నా కొడుకు కాదన్నట్టేగా?"

నాలుగేళ్ల తర్వాత ఫోన్లో దొరికిన మా అబ్బాయి వాళ్ల నాన్న నన్ను అడిగిన మొదటి మాట ఇది. అప్పటికి నెల రోజులుగా నేను నోటరీల చుట్టూ, లాయర్ల చుట్టూ తిరుగుతున్నాను. ఆయన కావాలనే ఏడిపిస్తున్నాడని గట్టిగా నమ్ముతున్నాను. ఆ మాట విన్నాక తెలిసింది, ఆయనకు భయం ఉందని, ఆ భయాన్ని ఎవరూ తీర్చలేదని. మేం పంపిన కాగితంలో "నాకు ఎలాంటి అభ్యంతరం లేదు" అని ఉంది గానీ, ఆయన తండ్రిగానే ఉంటాడని ఎక్కడా లేదు.

మాది గుంటూరు బ్రాడీపేట. నేను నర్సుని. విడాకులయ్యాక బాబును నేనే పెంచుకుంటున్నాను. కెనడా పీఆర్‌కు, అంటే శాశ్వత నివాస అనుమతికి, అప్లై చేసేనాటికి వాడికి ఎనిమిదేళ్లు, వాళ్ల నాన్న దుబాయ్‌లో. మాది సంతకంతో తేలిపోయింది. విజయవాడలో ఉండే నా స్నేహితురాలికి కోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆ రెండు దారులూ దగ్గర నుంచి చూశాను కాబట్టి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతున్న తల్లుల కోసం రాస్తున్నాను. బిడ్డ తండ్రి దగ్గర ఉండి తల్లి దూరంగా ఉన్నా దాదాపు ఇదే దారి.

ముందు మీ డిక్రీ తీసి చదవండి

విడాకుల డిక్రీ బీరువాలో పెట్టేసి, "కస్టడీ నాకే వచ్చిందిగా" అని ధీమాగా ఉంటాం. నేనూ అంతే. తీసి చదివితే "మైనర్ కుమారుడి కస్టడీ తల్లికి, నెలకు రెండు ఆదివారాలు తండ్రి చూడవచ్చు" అని మాత్రమే ఉంది. విదేశానికి తీసుకెళ్లడం గురించి ఒక్క ముక్క లేదు. బిడ్డను దేశం దాటిస్తే ఆ రెండు ఆదివారాలు ఏమైపోతాయని అవతలి వాళ్లు అడిగితే ఆ కాగితంలో జవాబు దొరకదు. అంటే కస్టడీ ఉన్నా, వలసకు సమ్మతో కోర్టు అనుమతో వేరుగా కావాలి.

మిమ్మల్ని కోర్టు గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 1890 కింద గార్డియన్‌గా నియమించి ఉంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆ చట్టం 26వ సెక్షన్ ప్రకారం, కోర్టు నియమించిన గార్డియన్ ఆ కోర్టు అనుమతి లేకుండా బిడ్డను దాని పరిధి దాటించి తీసుకెళ్లకూడదు. చేతిలో ఆర్డర్ ఉందన్న ధైర్యంతో టికెట్లు కొనేసేవాళ్లు ముందు ఈ సెక్షన్ గురించి లాయరుగారిని అడగాలి.

విడాకులు కాకుండా విడిగా ఉంటున్నవాళ్ల సంగతి వేరు. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 1956 ఆరో సెక్షన్‌లో సహజ సంరక్షకుడు తండ్రి, "ఆయన తర్వాత" తల్లి అని ఉంటుంది. ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. ఆ "తర్వాత" అన్న మాటకు తండ్రి చనిపోయాక అని మాత్రమే అర్థం కాదని, ఆయన బిడ్డను పట్టించుకోకుండా దూరంగా ఉన్నా తల్లి సహజ సంరక్షకురాలేనని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన లాయర్లు ఇప్పటికీ ఆ తీర్పే చూపిస్తారు. పెళ్లి కాని తల్లికి చట్టం ఇంకా అనుకూలం. 2015లో సుప్రీంకోర్టు, తండ్రికి నోటీసు ఇవ్వకుండానే అలాంటి తల్లి గార్డియన్‌షిప్ కోరవచ్చని తీర్పిచ్చింది. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు ఆరో సెక్షన్ వర్తించదు గానీ, 1890 చట్టం అందరికీ ఉంది.

ఇప్పుడే పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకుంటున్న చెల్లెళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. విదేశం వెళ్లే ఆలోచన ఏ మూలన ఉన్నా, పిటిషన్‌లోనే "తల్లి బిడ్డను చదువుకు, శాశ్వత నివాసానికి విదేశానికి తీసుకెళ్లవచ్చు, పాస్‌పోర్టు తీసుకోవచ్చు" అని రాయించుకోండి. ఆ రోజు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ఉంటారు. ఐదేళ్ల తర్వాత ఆయన ఎక్కడుంటాడో!

పాస్‌పోర్టు వచ్చిందంటే అనుమతి వచ్చినట్టు కాదు

మైనర్ పాస్‌పోర్టుకు తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసేది అనెక్షర్ డి. ఒకరి సమ్మతి దొరకనప్పుడు, ఎందుకు దొరకలేదో రాసి, అప్లై చేసే తల్లో తండ్రో ఒక్కరే సంతకం చేసేది అనెక్షర్ సి. 2016 డిసెంబరులో వచ్చిన మార్పుల తర్వాత ఇవి తెల్లకాగితం మీద రాసిస్తే చాలు, నోటరీ అక్కర్లేదు. కౌంటర్ దగ్గర ప్రశ్నలు ఎక్కువే అడుగుతారు, పోలీస్ వెరిఫికేషన్ కూడా పడొచ్చు. కోర్టులో కస్టడీ కేసు నడుస్తుంటే దాచకండి. పాస్‌పోర్టు చట్టం 1967లోని 12వ సెక్షన్ కింద, తెలిసి తప్పుడు సమాచారం ఇవ్వడం నేరం.

అలా మా బాబుకు పాస్‌పోర్టు వచ్చింది. దాంతో పని అయిపోయిందనుకుని స్వీట్లు కూడా పంచాం. కానీ అనెక్షర్ సి మన పాస్‌పోర్టు ఆఫీసుకు ఇచ్చే హామీ. కెనడాకో ఆస్ట్రేలియాకో దానితో సంబంధం లేదు, వాళ్లు వాళ్ల కాగితం వాళ్లు అడుగుతారు.

మన గుంటూరు, కృష్ణా ఇళ్లలో అమెరికాలో పుట్టి ఇక్కడ అమ్మమ్మల దగ్గర పెరుగుతున్న పిల్లలు చాలామంది ఉన్నారు. పదహారేళ్లలోపు పిల్లల అమెరికా పాస్‌పోర్టు ఐదేళ్లకే ముగుస్తుంది, కొత్తదానికి తల్లిదండ్రులిద్దరి సమ్మతీ కావాలి. రాలేని తల్లో తండ్రో డీఎస్ 3053 అనే ఫారం నోటరీ చేయించి పంపాలి. సంతకం చేసిన 90 రోజుల్లోపే అది చెల్లుతుంది. మనిషి దొరకకపోతే, ఆ పరిస్థితి వివరించడానికి డీఎస్ 5525 ఉంది.

ఏ దేశం ఏం అడుగుతుంది

కెనడా పీఆర్‌కు ఐఎంఎం 5604. వెంట రాని తల్లి లేదా తండ్రి తన సమ్మతి తెలిపే డిక్లరేషన్ ఇది. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (చదువు, ఉద్యోగ అనుభవం పాయింట్లను బట్టి పీఆర్‌కు పిలిచే పద్ధతి) ఇన్విటేషన్ వచ్చాక పూర్తి అప్లికేషన్ వేయడానికి 60 రోజులే ఉంటాయి. నాలుగేళ్లుగా మాట్లాడని మనిషిని ఆ 60 రోజుల్లో వెతికి, ఒప్పించి, సంతకం తెప్పించడం అయ్యే పని కాదు. ప్రొఫైల్ వేసిన రోజే ఈ పని మొదలుపెట్టండి.

బిడ్డను ఇప్పుడు తీసుకెళ్లకపోయినా, చివరికి బిడ్డ తండ్రి కస్టడీలోనే ఉన్నా, కెనడా అప్లికేషన్‌లో పేరు రాసి మెడికల్ చేయించాలి. చేయించకపోతే తర్వాత ఫ్యామిలీ కోటాలో ఆ బిడ్డను స్పాన్సర్ చేయడానికి మామూలుగా వీలుండదు. "ముందు నేను వెళ్లి, వాడిని తర్వాత రప్పిస్తా" అనుకుని పేరే రాయని తల్లుల్ని తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఆస్ట్రేలియాకు ఫారం 1229. బిడ్డ ఎక్కడ ఉండాలో నిర్ణయించే చట్టపరమైన హక్కు ఉన్న ప్రతి ఒక్కరూ సంతకం చేయాలి, లేదా కోర్టు ఆర్డర్ చూపాలి. బ్రిటన్ పద్ధతి వేరు. ఒక్క తల్లి దగ్గరకే బిడ్డ వెళ్తున్నప్పుడు, పెంపకం బాధ్యత మొత్తం ఆమెదేనని రుజువులు చూస్తారు. స్కూల్ ఫీజు రసీదులు, ప్రోగ్రెస్ కార్డు మీద మీ సంతకాలు, ఆసుపత్రి బిల్లులు ఇలాంటప్పుడే అక్కరకొస్తాయి. ఏ దేశమైనా సరే, వీటిని ఒక ఫైల్లో పెట్టుకోండి. కోర్టుకు వెళ్లినా ఇవే సాక్ష్యం.

అడగడం ఎలా

అన్నిటికంటే కష్టం ఇదే. లాయర్ నోటీసుతో మొదలుపెట్టొద్దని నా గట్టి సలహా. ఆయన చెయ్యి చేసుకున్న మనిషైతే, మీకు ప్రాణభయం ఉంటే ఈ భాగం వదిలేసి నేరుగా కోర్టు భాగానికి వెళ్లండి. అలాంటి మనిషిని బతిమాలాల్సిన పని లేదు.

మిగతా వాళ్లకు మధ్యలో ఒక మనిషి కావాలి. మావాళ్లు ముందు పెద్దమనుషుల్ని పంపారు. వాళ్లు పాత కట్నం లెక్కలు తవ్వి, ఉన్నది కాస్తా చెడగొట్టి వచ్చారు. చివరికి నేనే తెనాలి వెళ్లి మా అత్తయ్యగారిని కలిశాను. గడపలో నన్ను చూసి ఆవిడ, "రా అమ్మాయ్, వాడు ఎంతెత్తయ్యాడు?" అన్నారు. గుమ్మానికి చెయ్యి ఆనించి ఇంతెత్తు అని చూపించాను. ఆవిడ అక్కడే పెన్సిల్‌తో ఒక గీత గీసుకున్నారు. దుబాయ్ నంబరు ఇచ్చింది ఆవిడే.

ఫోన్లో మూడు సంగతులు విడివిడిగా చెప్పండి. ఒకటి, ఇది బిడ్డ ప్రయాణానికీ నివాసానికీ సమ్మతి మాత్రమే, తండ్రి హక్కు వదులుకోవడం కాదు. రెండు, వారానికి ఒకసారి వీడియో కాల్, వచ్చినప్పుడల్లా కలవడం కాగితంలోనే రాస్తాం. మూడు, డబ్బు లెక్కలు దీనితో కలపం. మనోవర్తి బాకీ ఉంటే అది వేరే రోజు మాట్లాడండి. "బాకీ మాఫీ చేస్తా, సంతకం పెట్టు" అన్న బేరం ఆ రోజుకు పని చేసినట్టే ఉంటుంది గానీ, సంతకాన్ని డబ్బుకు కొన్నారని రేపు ఆయనే కోర్టులో అంటాడు.

జరిగిన సంభాషణ సారాన్ని వాట్సాప్‌లో మర్యాదగా రాసి పంపండి. ఒప్పుకుంటే అది గుర్తుగా ఉంటుంది. జవాబు ఇవ్వకపోతే, మీరు ప్రయత్నించారని కోర్టుకు చూపించడానికి పనికొస్తుంది.

సమ్మతి పత్రం

ఫారం ఒక్కటే సరిపోయినా, విడిగా ఒక అఫిడవిట్ కూడా తీసుకోవడం మంచిది. ఇంగ్లీషులో టైప్ చేయించాలి, అందులో ఉండాల్సిన సారం ఇది:

"నేను ఫలానా, పాస్‌పోర్టు నంబరు ఇది, ఫలానా తేదీన గుంటూరులో పుట్టిన ఫలానా బాలుడి తండ్రిని. నా కుమారుడు తన తల్లితో కలిసి కెనడాలో శాశ్వత నివాసం ఉండటానికి, చదువుకోవడానికి, వైద్యం పొందడానికి సమ్మతిస్తున్నాను. వీసా, పీఆర్ దరఖాస్తులకు, భారత పాస్‌పోర్టు తీసుకోవడానికి, గడువు ముగిసినప్పుడల్లా తిరిగి తీసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. ఈ సమ్మతి వల్ల తండ్రిగా నా హక్కులు, బాధ్యతలు రద్దు కావు. ప్రతి వారం వీడియో కాల్‌లో మాట్లాడటానికి, కుమారుడు ఇండియా వచ్చినప్పుడు కలవడానికి తల్లి అంగీకరించింది. ఎవరి ఒత్తిడీ లేకుండా, చదివి అర్థం చేసుకుని సంతకం చేస్తున్నాను."

ఇంగ్లీషు రాని మనిషైతే, "చదివి తెలుగులో వివరించగా ఒప్పుకొని సంతకం చేశారు" అన్న మాట నోటరీ చేత రాయించండి. కాగితంలో ఏముందో నాకు తెలియదని రేపు అనడానికి వీలుండదు.

సంతకం దగ్గర మేం పెద్ద దెబ్బ తిన్నాం. ఆయన పాస్‌పోర్టులో సంతకం ఇంగ్లీషులో, పొడుగ్గా గీత లాగి ఉంటుంది. మాకు పంపిన పత్రం మీద తెలుగులో, బళ్లో నేర్చుకున్నట్టు గుండ్రంగా పెట్టాడు. జత చేసిన పాస్‌పోర్టు కాపీతో కలవలేదని వెనక్కొచ్చింది. మళ్లీ ఆయన సెలవు పెట్టుకోవాలి, మళ్లీ అపాయింట్‌మెంట్. ఇరవై రెండు రోజులు నాకు నిద్ర లేదు. అందుకని పాస్‌పోర్టు కాపీ ముందు పెట్టుకుని, అదే సంతకం పెట్టమని విడమర్చి చెప్పండి. పేరు స్పెల్లింగు కూడా పాస్‌పోర్టులోనూ, బిడ్డ బర్త్ సర్టిఫికెట్‌లోనూ ఒకేలా ఉందో లేదో చూసుకోండి. మన ఇంటిపేర్లు ఒక కాగితంలో ముందు, ఒక కాగితంలో వెనక ఉంటాయి. తేడా ఉంటే ఇద్దరూ ఒకరేనని ఒక అఫిడవిట్ జత చేయండి.

ఆయన ఇక్కడే ఉంటే కోర్టుల దగ్గర ఏ నోటరీ అయినా చేస్తారు, ఆయన స్వయంగా రావాలి. గల్ఫ్‌లో ఉంటే భారత కాన్సులేట్ ద్వారా అటెస్టేషన్ చేయించాలి. అధికారి ఎదుటే సంతకం పెట్టాలి కాబట్టి ముందే పెట్టి తీసుకెళ్లొద్దని చెప్పండి. అమెరికాలో ఉంటే అక్కడి నోటరీ, ఆపైన ఆ రాష్ట్ర అపోస్టిల్ (పత్రం వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) సరిపోతాయి. మన దేశం 2005లో, కెనడా 2024 జనవరిలో అపోస్టిల్ ఒప్పందంలోకి వచ్చాయి.

ఒప్పుకోకపోతే, ఆచూకీ లేకపోతే: కోర్టు

బిడ్డ మామూలుగా ఎక్కడ నివసిస్తుంటే అక్కడి కోర్టులోనే వేయాలి. అంటే గుంటూరు వాళ్లు గుంటూరు ఫ్యామిలీ కోర్టు, బెజవాడ వాళ్లు విజయవాడ ఫ్యామిలీ కోర్టు. పాత డిక్రీ ఉంటే అది ఇచ్చిన కోర్టులోనే మార్పు కోరుతూ పిటిషన్ వేయొచ్చా అని అడగండి. కస్టడీ ఆర్డర్లు రాతి మీద గీతలు కావు, బిడ్డ మేలును బట్టి మార్చవచ్చు.

లాయరుగారికి ఒక కేసు గుర్తు చేయండి: విక్రమ్ వీర్ వోహ్రా, శాలినీ భల్లా, 2010. పరస్పర అంగీకార విడాకుల తర్వాత తల్లి ఉద్యోగం కోసం కొడుకును ఆస్ట్రేలియా తీసుకెళ్తానంది, తండ్రి వద్దన్నాడు. జడ్జీలు పిల్లాడితో మాట్లాడారు, తల్లికి అనుమతి ఇచ్చారు, తండ్రి చూసుకునే హక్కునూ కాపాడారు. 2020లో యశితా సాహు కేసులో, దూరదేశంలో ఉన్న తల్లి లేదా తండ్రి ఫోన్, వీడియో కాల్ ద్వారా బిడ్డతో మాట్లాడే హక్కు గురించి సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. అందుకే పిటిషన్‌లోనే మీ అంతట మీరు కాల్స్, సెలవుల ప్లాన్ రాసివ్వండి. వెళ్లబోయే చోటు, ఉద్యోగం, స్కూలు, ఇల్లు కూడా రాయండి. తండ్రిని తిడుతూ పది పేజీలు నింపితే ఒరిగేది లేదు.

కోరాల్సినవి స్పష్టంగా ఉండాలి: బిడ్డను ఫలానా దేశానికి శాశ్వత నివాసానికి తీసుకెళ్లే అనుమతి, తండ్రి సంతకం లేకుండా పాస్‌పోర్టుకు, వీసాకు అప్లై చేసుకునే అనుమతి. ఒక్క "గార్డియన్‌గా ప్రకటించండి" అని అడిగి ఊరుకుంటే అంతవరకే వస్తుంది.

ఆచూకీ లేని మనిషికి చివరిగా తెలిసిన చిరునామాకు నోటీసు వెళ్తుంది. తిరిగొస్తే, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఐదో ఆర్డర్ 20వ రూలు కింద పేపర్ ప్రకటనకు అనుమతి అడుగుతారు. అప్పటికీ రాకపోతే ఎక్స్‌పార్టీగా, అంటే ఆయన లేకుండానే, విచారణ జరుగుతుంది. ఎక్కడున్నాడో తెలిసి కూడా తెలియదని రాస్తే, ఆ ఆర్డర్‌ను ఆయన తర్వాత కొట్టేయించుకోగలడు. ఏడేళ్లుగా ఎవరికీ కబురు లేకపోతే చనిపోయినట్టు భావించే నిబంధన భారతీయ సాక్ష్య అధినియం 111వ సెక్షన్‌లో ఉంది గానీ, మీతో మాత్రమే మాట్లాడని మనిషికి అది వర్తించదు.

నా స్నేహితురాలి కూతురికి పదకొండేళ్లు. జడ్జిగారు ఛాంబర్‌లోకి పిలిచి, ఎవరి దగ్గర ఉంటావమ్మా అని అడిగితే, "అమ్మ దగ్గర. కానీ నాన్నమ్మకు కళ్లు సరిగా కనపడవు, ఫోన్ ఎవరు కలిపిస్తారు?" అందట. ఆర్డర్‌లో నాన్నమ్మతో ఆదివారం కాల్ కూడా వచ్చింది. పిల్లలకు మాటలు నేర్పి పంపకండి. వాళ్లకు తోచింది చెప్పనివ్వండి.

మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. కాలం మాత్రం పడుతుంది. నా స్నేహితురాలికి పద్నాలుగు నెలలు పట్టింది, అందులో మే సెలవులు ఒకటి. ఆర్డర్ రాగానే సర్టిఫైడ్ కాపీలు రెండుమూడు తీసుకోండి. ఫ్యామిలీ కోర్టు ఆర్డర్ మీద హైకోర్టుకు అప్పీలు గడువు 30 రోజులు, అది దాటేదాకా టికెట్లు కొనకండి.

ఎంత తొందరున్నా చేయకూడనివి

ఆయన సంతకం మీరు పెట్టకండి. "ఎవరు చూస్తారు, నేను పెట్టిస్తా" అనే ఏజెంటును గడప తొక్కనివ్వకండి. అది ఫోర్జరీ. బయటపడితే కెనడా తప్పుడు సమాచారం కింద ఐదేళ్లు నిషేధం పెడుతుంది. టూరిస్టు వీసా మీద చెప్పాపెట్టకుండా తీసుకెళ్లి అక్కడే ఉండిపోదామన్న ఆలోచనా వద్దు. కెనడా, ఆస్ట్రేలియా, బ్రిటన్, అమెరికా పిల్లల అపహరణపై 1980 హేగ్ ఒప్పందంలో ఉన్నాయి, మన దేశం లేదు. ఒప్పందం లేకపోయినా, అక్కడి కోర్టుకు ఆయన వెళ్లకూడదని ఎక్కడా లేదు.

వెళ్లే రోజు, ఆ తర్వాత

సమ్మతి పత్రం అసలు, ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ, డిక్రీ, బర్త్ సర్టిఫికెట్ చేతి సంచిలో పెట్టుకోండి, చెక్ఇన్ సామానులో కాదు. శంషాబాద్ కౌంటర్‌లో నన్ను "బాబు ఫాదర్ రావట్లేదా?" అని అడిగారు. కాగితం చూసి ఒక్క నిమిషంలో పంపేశారు.

మైనర్ పాస్‌పోర్టు ఐదేళ్లకే ముగుస్తుంది. అక్కడి భారత కాన్సులేట్‌లో రెన్యువల్‌కు మళ్లీ తండ్రి సమ్మతి సంగతి వస్తుంది. అప్పుడు చూపడానికే పైన పత్రంలో "గడువు ముగిసినప్పుడల్లా" అని రాయించాను. మా బాబు పాస్‌పోర్టుకు ఇంకో పదకొండు నెలలు ఉంది. పోయిన ఆదివారం కాల్‌లో వాళ్ల నాన్నకు ఆ సంగతి ముందే చెప్పాను. కొత్త పత్రం కావాలన్నా ఇస్తానన్నాడు, ఈసారి సంతకం ఇంగ్లీషులోనే పెడతానన్నాడు.